పది మంచాలు, ఒక "లేదా"

మాది బీర్కూర్. మంజీర ఒడ్డున, బాన్సువాడ పక్కన. 2016లో కామారెడ్డి జిల్లాలోకి వచ్చాం కానీ, ఎవరైనా అడిగితే ఇప్పటికీ నోట్లోంచి నిజామాబాద్ జిల్లా అనే వస్తుంది. నిజాంసాగర్ నీళ్ళు, వరి పొలాలు, ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు... ఇదీ మా వైపు. నేను మాత్రం అందరిలాగే ఇంజినీరింగ్ చేసి, హైదరాబాదొచ్చి, కోడు రాసుకుంటూ బతుకుతున్నా.

2023 వానాకాలంలో బాపుకి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయంటే బాన్సువాడలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చేర్చారు. ఐదు రోజులున్నాడు. బిల్లు నలభై వేలకి కాస్త తక్కువ. అమ్మా బాపుల కవరేజీ కోసం నా జీతంలో ప్రీమియం కోస్తూనే ఉంటారు కాబట్టి నాకేం బెంగ లేదు. కాగితాలన్నీ స్కాన్ చేసి పంపేశా. మూడు వారాలకి జవాబొచ్చింది. సారాంశం ఏమిటంటే, పది పడకలు లేవు కాబట్టి పాలసీ నిర్వచనం ప్రకారం అది ఆసుపత్రి కాదు, క్లెయిమ్ తిరస్కరించాం.

ఆసుపత్రి కాదట! మరి ఐదు రోజులు మా బాపు సెలైన్ పెట్టుకుని పడుకున్నది ఎక్కడ, బస్టాండులోనా?

ఫోన్ చేసి చెప్తే ఆయన నన్నేమీ అనలేదు. "నాదే తప్పు బిడ్డా, పెద్ద దవాఖానకే పోవాల్సిండె" అన్నాడు. జ్వరంతో ఉన్న మనిషి దగ్గర్లో ఉన్న డాక్టరు దగ్గరికి పోవడం తప్పెలా అయింది? డబ్బులు పోయినదానికంటే ఈ మాటే నన్ను ఎక్కువ కుదిపింది. ఆ ఉక్రోషంలో అసలీ కంపెనీ ఇన్సూరెన్సు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఈ పది పడకల లెక్క ఎవరు రాశారో తవ్వడం మొదలుపెట్టాను.

మొదటి ప్రశ్న: ఉద్యోగానికీ ఆరోగ్యానికీ ముడి ఎవరు వేశారు? జర్మనీలో బిస్మార్క్ 1883లోనే కార్మికులకి అనారోగ్య బీమా చట్టం తెచ్చాడు. అమెరికా కథ వేరు. 1929లో డల్లాస్‌లో బేలర్ ఆసుపత్రి బడి టీచర్లతో ఒక ఒప్పందం చేసుకుంది: నెలకి యాభై సెంట్లు కట్టండి, ఏడాదిలో 21 రోజుల దాకా ఆసుపత్రిలో ఉంచుకుంటాం అని. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. 1942లో ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి పెట్టింది. పనివాళ్ళు దొరక్క అల్లాడుతున్న కంపెనీలు, జీతం బదులు ఇన్సూరెన్సు ఆశ చూపించడం మొదలుపెట్టాయి. 1954లో పన్ను మినహాయింపు కూడా చట్టంలో గట్టిపడేసరికి ఆ ముడి ఇక ఊడలేదు. అక్కడున్న మనవాళ్ళకి ఉద్యోగం పోతే వీసాతో పాటు ఇన్సూరెన్సు భయం కూడా పట్టుకోవడానికి మూలం ఇదన్నమాట.

మన దేశం మొదట జర్మనీ దారి పట్టింది. కార్మికుల ఆరోగ్య బీమా మీద బి.పి. అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చాడు. దాని ఆధారంగా 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీలలో అమలు మొదలైంది. మన సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి ఆ సంసారంలోదే. ఈఎస్ఐలో ముఖ్యమైన సంగతి ఏంటంటే, డిస్పెన్సరీ వాళ్ళదే, ఆసుపత్రీ వాళ్ళదే. బిల్లు పట్టుకుని మన దగ్గర "ఇది ఆసుపత్రేనా?" అని వాదించాల్సిన పని పెద్దగా ఉండదు. మందుల కొరత, పొడుగాటి లైన్లు... ఆ బాధలు వేరే. మా వైపు బీడీ కార్మికులకి కూడా 1976లో విడిగా సంక్షేమ నిధి చట్టం చేశారు. బీడీల మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో దవాఖానలు నడిపారు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సెస్సు పోయింది.

మరి మనం? ఈఎస్ఐకి జీతం పరిమితి ఉంది. 2017 జనవరి నుంచి అది నెలకి 21,000. చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆ గీత దాటినవాళ్ళే కాబట్టి కంపెనీ కొనిచ్చే గ్రూప్ మెడిక్లెయిమే మనకి దిక్కు.

ఈ మెడిక్లెయిమ్ వయసు నాకంటే మరీ ఎక్కువేం కాదు. 1972 చట్టంతో జనరల్ ఇన్సూరెన్సుని జాతీయం చేసి, 107 సంస్థల్ని నాలుగు ప్రభుత్వ కంపెనీల కిందకి తెచ్చారు. 1986లో ఆ నాలుగు కంపెనీలే మెడిక్లెయిమ్ పాలసీని మార్కెట్లోకి తెచ్చాయి. ముందు డబ్బులు మనం కట్టాలి, తర్వాత బిల్లులు పెట్టి అడుక్కోవాలి. 1999లో ఐఆర్‌డీఏ చట్టం వచ్చి ప్రైవేటు కంపెనీలకి తలుపులు తెరిచింది. 2001లో టీపీఏలకి నిబంధనలు రాశారు. మన కార్డు మీద పేరుండేదీ, ఫోనెత్తేదీ ఈ టీపీఏలే. అయితే క్లెయిమ్ మీద చివరి నిర్ణయం బీమా కంపెనీదే.

ఇంకో సంగతి నాకూ అప్పుడే తెలిసింది. గ్రూప్ పాలసీలో ఒప్పందం మన కంపెనీకీ బీమా కంపెనీకీ మధ్య. నేను అందులో ఒక సభ్యుణ్ణి మాత్రమే. ప్రీమియంలో వాటా నాది, జబ్బు మా బాపుది, సంతకం మాత్రం హెచ్ఆర్ వాళ్ళది. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయినా నేను అసలు పాలసీ కాగితం ఒక్కసారి కూడా చూడలేదు. రెండు పేజీల రంగుల స్లైడు చూసి సంతోషపడ్డా. మీరు చూశారా?

నాలుగు మెయిళ్ళు పెట్టి మొత్తం పాలసీ తెప్పించుకున్నా. "హాస్పిటల్" అనే మాటకి నిర్వచనం దొరికింది. కంపెనీలన్నీ తలో రకంగా రాసుకోకుండా 2013లో ఐఆర్‌డీఏ ఒకే నిర్వచనం ఖాయం చేసింది. జనాభా పది లక్షల లోపున్న ఊళ్ళో కనీసం 10 పడకలు, మిగతా చోట్ల 15. రాత్రింబవళ్ళు నర్సులు, డాక్టరు, సొంత ఆపరేషన్ థియేటరు, రోజువారీ రికార్డులు ఉండాలి. తిరస్కరణ కాగితంలో రాసింది ఈ భాగమే.

కానీ ఆ వాక్యం అక్కణ్ణుంచి మొదలవదు! దానికి ముందు ఇంకో సగం ఉంది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద గానీ, ఆ చట్టం షెడ్యూల్లో చెప్పిన రాష్ట్ర చట్టాల కింద గానీ ఆసుపత్రిగా రిజిస్టరై ఉండాలి, "లేదా" పైన చెప్పినవన్నీ ఉండాలి. చూశారా, మధ్యలో ఉన్నది "లేదా". మనం రోజూ రాసే ఇఫ్ కండిషనే. మొదటి సగం నిజమైతే రెండో సగం చూడనే అక్కర్లేదు. ఇంకా తమాషా ఏంటంటే, ఆ షెడ్యూల్లో మొట్టమొదటి పేరు మన ఆంధ్రప్రదేశ్ 2002లో చేసుకున్న ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టానిదే. పాత మెడిక్లెయిమ్ కాగితాల్లో కూడా ఈ "లేదా" ఉంది. పడకల లెక్క పెట్టింది చిన్న ఊళ్ళని తోసెయ్యడానికి కాదు, రిజిస్ట్రేషన్ లేని చోట కొలవడానికి ఏదో ఒక గీటురాయి ఉండాలని. చదివినవాళ్ళు సగం నుంచి చదివారు, అంతే.

మా మామ కొడుకుని పంపితే, ఆ దవాఖానలో కౌంటరు వెనక గోడకి వేలాడుతున్న రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫోటో తీసి పంపాడు. దాన్నీ, నిర్వచనం మొత్తాన్నీ జతచేసి, హెచ్ఆర్‌ని కాపీలో పెట్టి, బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాశాను. ఏడు వారాలకి డబ్బులొచ్చాయి, గ్లోవ్స్ లాంటివాటికి కొంత కోసుకుని.

రాకపోయుంటే తర్వాతి మెట్టు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఈ ఏర్పాటు 1998 రూల్స్‌తో మొదలైంది. 2017 రూల్స్ గ్రూప్ పాలసీలని కూడా పేరు పెట్టి చేర్చాయి. హైదరాబాద్‌లో ఆఫీసుంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్నాక, లేదా నెల దాటినా పలక్కపోతే, ఏడాది లోపల వెళ్ళొచ్చు. 2024 మే నెల ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇంకో అడుగు వేసింది. క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఒప్పుకోకుండా ఏ క్లెయిమూ తిరస్కరించకూడదు, ఏ షరతు కింద కాదంటున్నారో చెప్పాలి. క్యాష్‌లెస్ అడిగితే గంటలో, డిశ్చార్జి అప్పుడు మూడు గంటల్లో తేల్చాలి. కాగితం మీద బావుంది. కానీ అడిగేవాడు ఉంటేనే ఏ రూలయినా పనిచేస్తుంది.

నాకు ఇంగ్లీషు వచ్చు, కంప్యూటరుంది, మొండితనం కూడా ఉంది. అయినా మూడు నెలలు పట్టింది. ఇవేవీ లేనివాళ్ళు ఆ ఒక్క కాగితం చూసి "మనదే తప్పేమో" అనుకుని ఊరుకుంటారు. మా బాపు అనుకున్నట్టే.

డబ్బులొచ్చినా ఆ మాట మాత్రం ఆయన మనసులోంచి పోలేదు. తర్వాతి చలికాలంలో మళ్ళీ జ్వరమొస్తే, రెండు రోజులు గోలీలేసుకుని ఇంట్లోనే పడుకున్నాడు. ఎందుకు చెప్పలేదని ఫోన్లో కేకలేస్తే, "నువ్వు ఏ దవాఖానకు పొమ్మంటవో తెల్వదాయె. ఆడ మంచాలు ఎన్ని ఉన్నయో ఎవడు లెక్కపెడ్తడు?" అన్నాడు.

తిరస్కరణ అసలు ఖరీదు ఆ రెండు రోజులు. నలభై వేలు కాదు.

అందుకే చెప్తున్నా. మీ హెచ్ఆర్‌కి రేపే ఒక మెయిల్ పెట్టి మొత్తం పాలసీ తెప్పించుకోండి, స్లైడు కాదు. "హాస్పిటల్" అన్న మాట దగ్గర "లేదా" ఎక్కడుందో చూడండి. ఊళ్ళో అమ్మానాన్నలు మామూలుగా వెళ్ళే దవాఖాన పేరు కనుక్కుని, దానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి. జ్వరం వచ్చిన రోజు వాళ్ళు మంచాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.