ఒక భాండారము - పలు పనిగదులు

కర్లపాలెము సముద్రమునకు చేరువనున్న ఊరు. ఆ ఊరి రైతునకు చేలు నాలుగు దిక్కుల నుండవచ్చును. గాదె మాత్రము ఇంటివద్ద ఒక్కటియే యుండును. ఒక చేనిలో మినుము తీయుచుండగా వేరొక చేనిలో దుక్కి సాగవచ్చును. పనిచోట్లు పెక్కు, నిలువచోటు ఒక్కటి. వ్రాతపనిలోను ఈ పద్ధతి యెట్లు వచ్చెనో, దాని లాభమేమో, అపాయమేమో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

మన పూర్వులకు గ్రంథమనగా తాటాకు ప్రతి. ఎన్ని ప్రతులో అన్ని భాండారములు. వ్రాయసకాని చేతిలో దొరలిన తప్పు, ఆ ప్రతినుండి పుట్టిన ప్రతులన్నిటికిని ప్రాకెడిది. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈ చిక్కును బాగుగా నెఱిగెను. అతడు కడపలో బంగళా కొని, సొంత ధనముతో పండితులకు జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పాఠములను సరిపోల్చి, శుద్ధప్రతులను వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. విడిపోయిన పాఠములను మరల ఒకచోట చేర్చుటకే అంత శ్రమ పట్టినది.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఇదే చిక్కు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ‘గిట్’ అను సాధనము, వ్రాయువాడు నమోదు చేసిన ప్రతి మార్పును ఒక భాండారమున వరుసగా భద్రపరచును. మార్పులు వేర్వేరు త్రోవల సాగినచో వానిని శాఖలందురు. అయితే క్రొత్త భాగము సగము వ్రాసియుండగా, పాత భాగమున తప్పు దిద్దుమని కబురు వచ్చినచో ఏమి చేయవలెను? చేతిలోని పనిని మూటగట్టి ప్రక్కనబెట్టవలెను. లేదా భాండారమునంతటిని మరియొక నకలు తీయవలెను. మొదటిది చీకాకు, రెండవది దండుగ.

2015 జూలైలో వెలువడిన 2.5వ కూర్పు ఈ చిక్కును విప్పినది. ‘వర్క్‌ట్రీ’ అను ఆదేశముతో ఒకే భాండారమునకు ఎన్ని పనిగదులనైనను కట్టుకొనవచ్చును. క్రొత్త గదిలో భాండారపు నకలుండదు. అసలు భాండారమెక్కడనున్నదో తెలుపు చిన్న చీటి మాత్రముండును. ఒక గదిలో నమోదైన మార్పు తక్షణమే అన్ని గదులకును అందుబాటులోనుండును.

ఇందొక కట్టుబాటు కలదు. ఒకే శాఖను ఒకే సమయమున రెండు గదులలో తెఱువనీయరు. ఒక గదిలో శాఖ ముందుకు నడచినను, రెండవ గదిలోని కాగితములు పాతవిగానే యుండును. వానిని అట్లే నమోదు చేసినచో మొదటి గదిలోని శ్రమ రద్దయినట్లే లెక్కకెక్కును. ఒక పొలమును ఇద్దరికి కౌలుకిచ్చుటవంటిది అది.

ఇక అపాయము. గదులు నాలుగున్నవి గదా, నాలుగు నకళ్లున్నవని భ్రమపడరాదు. 1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమను ముంచి, రేపల్లె, బాపట్ల తీరములనుగూడ దెబ్బతీసెను. నీరు ఇంటిలో జొరబడిననాడు, చేలెన్నియున్నను గాదె యొక్కటియైనవానికి మిగులునదేమి? ఒక ప్రతి చెదలపాలైనను మరియొక ఊరి ప్రతి నిలిచియున్నందుననే బ్రౌను దొరకు సరిపోల్చుటకు పాఠములు దొరకినవి. తప్పులను వ్యాపింపజేసిన పలు ప్రతులే గ్రంథమును బ్రతికించినవి కూడ.

కావున పనికి గదులెన్నియైనను కట్టుకొనవచ్చును. కాని భాండారమునకు మాత్రము, దూరముగా, వేరొక ఊరిలో, రెండవ ప్రతి యుండుట మేలని మా మనవి.