బుల్లెట్ తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. తెలుగులోకి తేదీ ఒక్కటే వచ్చిందని ఉర్దూ మీడియంలో చదువుకున్న నాకు డిగ్రీలో చేరాకగానీ తెలియలేదు. బుల్లెట్ బండి సంగతీ అంతే. దాని తేదీలు ఎవరికైనా దొరుకుతాయి. తారీఖ్ మాత్రం మెకానిక్ షెడ్లలో ఉంది.

ముందు తేదీలు. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 1932లో తన బండికి 'బుల్లెట్' పేరు పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన 350 సీసీ బుల్లెట్ సరిహద్దు గస్తీకి మన ఫౌజుకు నచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మొదట విలాయతీ విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించేవారు. పోనుపోను అన్నీ మన దేశంలోనే తయారయ్యాయి. 1970 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో అసలు కంపెనీ మూతబడింది. 1977 నుంచి మద్రాసు బుల్లెట్టే ఓడెక్కి అక్కడ అమ్ముడుపోయింది.

ఇన్నేళ్లలో బండి పెద్దగా మారలేదు. అదే 346 సీసీ పోత ఇనుప ఇంజను, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఇది వెనకబాటే అంటే కాదనను. ఆ డ్రమ్ బ్రేకుల్ని నమ్ముకుని ఘాట్ దిగినవాళ్లకు తెలుసు. కానీ బండి మారకపోవడం వల్లే ఉస్తాద్ ఇల్మ్ షాగిర్ద్‌కు పనికొచ్చింది, ఆ షాగిర్ద్ ఉస్తాద్ అయ్యాక అతని షాగిర్ద్‌కూ పనికొచ్చింది. నేను చూసిన షెడ్లలో చాలావాటిలో ఆ షాగిర్ద్‌లు బడి మానేసి పానా పట్టిన మన పిల్లలే. తెలుగు మెకానిక్‌లూ పానా, పేచ్‌కస్, మరమ్మత్ అనే అంటారు. ఆ మాటలు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో వేరే చెప్పాలా?

నా బుల్లెట్ 1980ల నాటిది, అబ్బా నడిపింది. కొన్నేళ్ల కింద హైదరాబాద్ నుంచి బీదర్ పోతుంటే జహీరాబాద్ ఇవతల ఆగిపోయింది. పావుగంట తర్వాత స్టార్టయింది. పది కిలోమీటర్లు పోయి మళ్లీ ఆగింది. ప్లగ్గు మార్చాను. పాయింట్లు సాఫ్ చేశాను. కాయిల్ ఖతమ్ అనుకుని తోసుకుంటూ పోతే రోడ్డు పక్కన ఒక షెడ్డు కనబడింది. అక్కడి చాచా పానా ముట్టలేదు. ఒకటే సవాల్ అడిగాడు: "ఆగే ముందు దగ్గుతోందా, ఒక్కసారిగా బంద్ అవుతోందా?"

దగ్గుతోందన్నాను. దగ్గితే పెట్రోలు, ఒక్కసారిగా పోతే కరెంటు, ముందు చూడాల్సింది అదేనన్నాడు. పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంది.

"బండీ బీమార్ నై హై సాబ్. ఉస్కా దమ్ ఘుట్ రా."

మూతలోని సన్న రంధ్రం మట్టితో పూడిపోయింది. లోపలికి గాలి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. గుండుసూదితో పొడిచి ఇచ్చేశాడు. పైసలు వద్దన్నాడు. చాయ్ తాగుతూ ఇంకో గంట చెప్పాడు.

కిక్ కొట్టే ముందు స్విచ్ వేసి అమ్మీటర్ చూడాలి. కిక్ నెమ్మదిగా తొక్కుతూ పోతే గట్టిగా అడ్డుపడే చోట ముల్లు మధ్యకొస్తుంది. అప్పుడు డీకంప్రెసర్ నొక్కి కొంచెం ముందుకు జరిపి, దాన్ని వదిలి, అప్పుడు కొట్టాలి. తొందరపడితే కిక్ ఎదురు తిరిగి మడమ విరుగుతుంది. ట్యాపెట్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడే సరిచేయాలి. పుష్‌రాడ్ రెండు వేళ్లకు తేలిగ్గా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. ప్లగ్గు బిస్కట్ రంగులో ఉంటే ఖైరియత్. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. వారాల తరబడి నిలబెట్టిన బండిలో ఆయిలు కిందికి జారిపోతుంది. స్టార్ట్ చేయగానే పొగొస్తుంది, ఘబరాకండి. కాసేపు నడిచాకే ఆయిలు కొలవాలి. ముందే కొలిచి తక్కువుందని పోస్తే ఎక్కువైపోతుంది.

1994లో కంపెనీ ఐషర్ చేతికి వెళ్లింది. ఆ తర్వాత పదిహేనేళ్లకు అటూఇటూగా పాత ఇనుప ఇంజను ఆగిపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలతో కార్బురేటర్ కూడా పోయింది. మంచిదే, పొగ తగ్గింది, మడమలూ బతికాయి. కానీ కొత్త బండికి ఏమైందో ఇప్పుడు యంత్రం తగిలించి అడగాలి. ఆ యంత్రం చాచా దగ్గర లేదు.

పోయిన ఏడాది మళ్లీ అటు వెళ్లాను. ఆ షెడ్డులో మొబైల్ రీచార్జి దుకాణం ఉంది. చాచా ఎక్కడని అడిగితే దుకాణం పిల్లాడికి తెలియదు. ఇన్నేళ్ల సహాఫత్‌లో కొత్త బండ్ల విడుదల వార్తలు ఎన్నో రాశాను. చాచా ముందు కూర్చుని ఒక్క పేజీ రాసుకోలేదు. ఆయన పేరైనా అడగలేదు.

మీ ఊళ్లో ఇంకా పాయింట్లు సెట్ చేసే ఉస్తాద్ ఉంటే ఈ వారమే వెళ్లండి. బండి బాగానే ఉన్నా వెళ్లండి. ముందు పేరు అడగండి.