పక్కవాడి మాట

మా చిన్నప్పుడు పర్చూరులో బస్సు దిగి మా ఊరు రావాలంటే పటాలతో పనిలేదు. ఎవరినడిగినా "తిన్నగా పోండి, చెరువుకట్ట దగ్గర మళ్లీ అడగండి" అనేవారు. మొత్తం దారి ఏ ఒక్కరూ చెప్పేవారు కాదు. అయినా చుట్టాలు చేరేవారు - ముఖ్యంగా, రాకపోతే బాగుండుననుకున్న వాళ్లు!

కంప్యూటర్ల కబుర్లు కూడా ఇలాగే ప్రయాణం చేస్తాయని మా అన్నయ్య కొడుకు చెబితే నవ్వొచ్చింది. వాడి ఉద్యోగం రౌటర్లకు దారులు నేర్పడం. రౌటరంటే కూడలిలో కూర్చున్న పెద్దమనిషి అనుకోండి. వచ్చిన మూటనల్లా ఏ వైపు పంపాలో తేలుస్తుంది. ఆ పెద్దమనుషులు దారుల సంగతులు తమలో తాము చెప్పుకునే పద్ధతికి రూటింగ్ ప్రోటోకాల్ అని పేరు.

1969లో అమెరికాలో మొదలైన అర్పానెట్‌లో తొలి పద్ధతి, పక్కవాడి మాట నమ్మడమే. దాంట్లో చిక్కేమిటో వాడు మన పత్తిబండ్ల మీద పెట్టి చెప్పాడు.

"అత్తా, చిలకలూరిపేట బండివాడికి గుంటూరు ఒక మజిలీ. పేట మీదుగా పోయే పర్చూరు వాడికి రెండు. వానకి పేట - గుంటూరు దారి తెగిందనుకో. అంతలో పర్చూరు వాడు 'నాకు గుంటూరు రెండే మజిలీలు' అంటాడు. ఆ దారి తన మీదుగానే అని పేటవాడికి తెలీదు. 'అయితే నాకు మూడు' అంటాడు. అది విని ఇతను నాలుగంటాడు..."

బండ్లు మాత్రం రేగడి బురదలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి! అందుకే 1988లో అక్షరబద్ధమైన రిప్ అనే పద్ధతిలో 15 మజిలీలే హద్దు. లెక్క 16కి వచ్చిందా, ఇక దారి లేనట్టే.

1979లో అర్పానెట్ వాళ్లు పద్ధతి మార్చారు. ఎవరి గుమ్మం ముందు దారి సంగతి వాళ్లే ఊరంతటికీ చెప్పాలి. అవన్నీ కలిపి ఎవరి పటం వారు గీసుకోవాలి. ఆ పటంలో దగ్గరి దారి తేల్చే లెక్క 1956లోనే పుట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డైక్‌స్ట్రా అనే ఆయన, కాబోయే భార్యతో బజారంతా తిరిగి అలసిపోయి, కాఫీ తాగుతూ 20 నిమిషాల్లో ఆలోచించాడట, కాగితం కలం లేకుండానే. బజారుకొచ్చిన మగవాళ్ల మనసు ఎక్కడుంటుందో ఇప్పుడు తెలిసింది కదా!

కానీ ఒక సంస్థకీ మరో సంస్థకీ మధ్య దారుల మాటేమిటి? 1989లో లాహీడ్, రెఖ్టర్ అనే ఇద్దరు భోజనాల దగ్గర చేతిరుమాళ్ల కాగితాల మీద గీసిన బి.జి.పి. దానికి జవాబు. ప్రపంచపు ఇంటర్నెట్ నేటికీ దానిమీదే నడుస్తోంది. దానికీ ఆధారం పక్కవాడి మాటే. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ని ఆపబోయి ప్రకటించిన తప్పుదారి సరిహద్దు దాటింది. పక్కవాళ్లు నమ్మేశారు. సుమారు రెండు గంటలు ఎన్నో దేశాలవాళ్లకి యూట్యూబ్ అందలేదు.

ఇదంతా నాకు వినోదంగానే ఉండేది, 2023 డిసెంబర్ 5 దాకా. ఆ రోజు మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంది. ఫోను మోగదు.

"ఒక దారి తెగితే ఇంకోటి వెతుక్కుంటాయన్నావుగా?" అన్నాను వాడితో.

"ఉంటే వెతుకుతాయి అత్తా. మన ఊరికి కరెంటు స్తంభాల మీద వచ్చే తీగ ఒక్కటే. నాయనమ్మకి నేను రెండో దారి చెయ్యలేకపోయాను" అన్నాడు. వాడి గొంతు బొంగురుపోయింది.

మూడోరోజు పొద్దున గుంటూరులో మా ఇంటికి కబురొచ్చింది. మా ఊరి పాలాయన నడుచుకుంటూ పర్చూరు వచ్చి మందుల షాపులో చెప్పాడట. షాపాయన పేటలో ఉన్న మా వదిన తమ్ముడికి ఫోను చేశాడు. అతను నాకు చేశాడు. "పెద్దమ్మగారు కులాసా. మిరప చేలే నీళ్లలో ఉన్నాయి."

"కళ్లారా చూసిందెవరు?"

"పాలాయన."

నమ్మాను. అంతకన్నా దారేముంది?

ఇప్పుడు నా డైరీలో పాలాయన పేరు, ఆ షాపు నంబరు, చుట్టుపక్కల ఊళ్లలో మరో నలుగురివీ రాసుకున్నాను. మావాడు చూసి నవ్వి, "మజిలీలు లెక్కపెట్టావా అత్తా?" అన్నాడు.

లెక్కపెట్టాను. మూడే.