డిశ్చార్జి తరువాత ఏమైంది?

"ఏ ఆసుపత్రికి వెళ్లమంటారు డాక్టరుగారూ?" అని పాఠకులు తరచుగా అడుగుతుంటారు. నాకు తెలిసిన వైద్యుడి పేరొకటి చెప్పి ఆ పూటకు బయటపడతాను. నిజం చెప్పాలంటే నా సమాధానానికి ఆధారం పరిచయమే తప్ప లెక్క కాదు. ఆ వైద్యుడి చేతిలో నిరుడు ఎందరు కోలుకున్నారో, ఎందరు కోలుకోలేదో నాకూ తెలియదు. ఆసుపత్రి తన మంచిచెడ్డలను లెక్కగట్టి పదిమందికీ చెప్పాలన్న ఆలోచన పుట్టి నూటయాభై ఏళ్లు దాటింది. దానిని పట్టుకుని వేలాడినవారికి ఏమైందో తెలిస్తే, ఆ లెక్క నేటికీ మన ఊరి ఆసుపత్రి గోడ మీదికి ఎందుకు రాలేదో కొంత బోధపడుతుంది.

ఫ్లారెన్స్ నైటింగేల్ అనగానే మనకు చేతిలో దీపం గుర్తుకు వస్తుంది. ఆమె చేతిలో దీపం కన్నా ఎక్కువ కాలం ఉన్నది కలము, గణాంకాల పట్టిక. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరినప్పుడు, అక్కడి సైనికులు గాయాల కన్నా జ్వరాలు, విరేచనాల వంటి వ్యాధులతోనే ఎక్కువగా చనిపోతున్నారు. మరణాల నమోదులో ఒక పుస్తకానికి మరొక పుస్తకానికి పొంతన లేదు. ఇంగ్లండుకు తిరిగి వచ్చాక, అన్ని ఆసుపత్రులూ ఒకే నమూనా పత్రంలో రోగుల వివరాలు నమోదు చేయాలని ఆమె పట్టుబట్టారు. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందుకు ఆ ప్రతిపాదన వెళ్లింది.

అయితే ఆమె లెక్కే ఒకసారి అభాసుపాలయింది. ఆసుపత్రులపై ఆమె రాసిన గ్రంథపు 1863 ముద్రణలో, గణాంకవేత్త విలియం ఫార్ సాయంతో కూర్చిన పట్టిక ఒకటి ఉంది. అందులో లండన్‌లోని 24 ఆసుపత్రుల మరణాల రేటు నూటికి 90.84 అని చూపారు! లోపలికి వెళ్లిన పదిమందిలో తొమ్మిదిమంది శవాలై వస్తున్నారన్నమాట. వైద్యలోకం భగ్గుమన్నది, అందులో కొంత న్యాయమూ ఉంది. వారు ఏడాది పొడుగునా జరిగిన మరణాలను, ఏదో ఒక్క రోజున మంచాల మీద ఉన్న రోగుల సంఖ్యతో భాగించారు. ఒక ఆసుపత్రిలో ఏ రోజు చూసినా వందమంది రోగులు ఉంటారనీ, ఏడాదికి వెయ్యిమంది చేరతారనీ, వారిలో తొంభైమంది చనిపోతారనీ అనుకోండి. చేరినవారితో భాగిస్తే తొమ్మిది శాతం. మంచాల మీద ఉన్నవారితో భాగిస్తే తొంభై శాతం. చనిపోయినవారు వారే, ఆసుపత్రీ అదే. భాగహారంలో కింద ఏ సంఖ్య వేశారన్నదే తేడా. ఆసుపత్రి ప్రకటించే ఏ శాతాన్ని చూసినా నేను మొదట వెతికేది ఆ కింది సంఖ్యనే.

ఇక నాకు ఎక్కువ ఇష్టుడైన మనిషి ఎర్నెస్ట్ కాడ్‌మన్. మా విద్యార్థి దశలో ఎముక క్యాన్సర్ ఎక్స్‌రేలో 'కాడ్‌మన్ త్రిభుజం' గుర్తుపట్టకపోతే పరీక్ష గట్టెక్కేది కాదు. భుజం పట్టేసినవారికి చేతిని లోలకంలా ఊపే వ్యాయామం నేర్పినప్పుడూ ఆయన పేరే చెప్పేవారు. ఆ మనిషి ఎవరో, ఏం పోగొట్టుకున్నాడో మాకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగ విరమణ తరువాతనే చదివి తెలుసుకున్నాను.

ఆయన 1869లో బోస్టన్‌లో పుట్టాడు. హార్వర్డ్‌లో చదివి, ప్రసిద్ధమైన మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడయ్యాడు. ఆయన ఆలోచన వినడానికి అతి మామూలుగా ఉంటుంది: ప్రతి రోగికీ ఒక చీటీ ఉండాలి. ఇంటికి పంపిన తరువాత కనీసం ఒక ఏడాది ఆ రోగి ఎలా ఉన్నాడో కనుక్కుని అందులో రాయాలి. నయం కాకపోతే ఎందుకు కాలేదో రాయాలి. ఆ ఫలితాలను బయట పెట్టాలి. దీనిని ఆయన 'అంతిమ ఫలిత' విధానమన్నాడు. అయితే ఆ ఆసుపత్రిలో పదోన్నతులు వయసును బట్టి, సర్వీసును బట్టి వచ్చేవి. (సీనియారిటీ జాబితా మహిమను ప్రభుత్వోద్యోగం చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.) 1914లో కాడ్‌మన్ నిరసనగా రాజీనామా చేశాడు. చేసి ఊరుకోలేదు. 'నా ఫలితాలు మిగిలినవారి కన్నా మెరుగు, కాబట్టి నన్నే ప్రధాన శస్త్రవైద్యుడిగా నియమించండి' అని దరఖాస్తు పెట్టాడు! మిగిలినవారి ఫలితాలు ఎవరూ లెక్కగట్టలేదు గనుక కాదనే ఆధారం వారి దగ్గరా లేదు.

1915 జనవరిలో ఒక వైద్య సభలో ఆయన ఎనిమిది అడుగుల వ్యంగ్యచిత్రం ప్రదర్శించాడు. ఇసుకలో తల దూర్చిన నిప్పుకోడి బంగారు గుడ్లు పెడుతూ ఉంటుంది. ఆ కోడి నగరంలోని ధనిక రోగులు. నిజం చెబితే గుడ్లు పెట్టడం మానేస్తుందేమోనని పెద్దలు ఆలోచనలో పడి ఉంటారు. సభ అల్లకల్లోలమైంది. అధ్యక్ష పదవి పోయింది, హార్వర్డ్‌లో బోధన ఉద్యోగమూ పోయింది.

ఆయన 1911 నుంచీ సొంతంగా ఒక చిన్న ఆసుపత్రి నడిపాడు. 1916 వరకు అక్కడి నుంచి డిశ్చార్జి అయినవారు 337 మంది. వారి చికిత్సలో జరిగిన పొరపాట్లు 123 అని ఆయనే అచ్చు వేయించి ప్రకటించాడు. పరిజ్ఞానం చాలనివి, నిర్ణయం తప్పినవి, రోగ నిర్ధారణలో పొరబడినవి, శ్రద్ధ లేక పరికరాలు లోపించినవి అని విడివిడిగా వర్గీకరించాడు. ఎవరి చేతిలోనూ లేని ఆపదలను వేరుగా ఉంచాడు. వైద్యవృత్తిలో ఇన్నేళ్లు గడిపిన నాకు, ఇలా తన తప్పుల జాబితాను తానే పంచిపెట్టిన వైద్యుడు ఇంకొకరు ఎదురుపడలేదు. నేనూ ఆ పని చేయలేదు.

కాడ్‌మన్ ప్రభావంతో అమెరికన్ శస్త్రవైద్యుల కళాశాల ఆసుపత్రులకు కనీస ప్రమాణాలు నిర్ణయించింది. వంద మంచాలు, అంతకు మించిన 692 ఆసుపత్రులను పరిశీలిస్తే 89 మాత్రమే వాటిని అందుకున్నాయి. నెగ్గనివాటిలో దేశంలోని పేరుమోసిన ఆసుపత్రులు కూడా ఉన్నాయి. 1919లో ఆ ఫలితాలు ప్రకటించవలసిన సమావేశానికి ముందు, న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటలు కొలిమిలో ఆ జాబితాను తగులబెట్టారు. సంఖ్యలు చెప్పారు, పేర్లు చెప్పలేదు. కాడ్‌మన్ 1940లో మరణించాడు. సమాధిపై ఆయన పేరుతో రాయి నిలిచింది 2014లో.

పేర్లతో సహా ఫలితాలు ప్రజల ముందుకు రావడానికి ఇంకో డెబ్భై ఏళ్లు పట్టింది. న్యూయార్క్ రాష్ట్రం 1989 నుంచి గుండె బైపాస్ ఆపరేషన్ల మరణాలను, రోగి వయసు, ఇతర జబ్బులు పరిగణనలోకి తీసుకుని లెక్కగట్టి, ఆసుపత్రుల వారీగా వెల్లడించింది. శస్త్రవైద్యుల పేర్లు మాత్రం ఇవ్వనంటే, న్యూస్‌డే పత్రిక సమాచార హక్కు చట్టం కింద కోర్టుకు వెళ్లి సాధించింది. అలా సవరించి లెక్కగట్టిన మరణాల రేటు 1989లో 4.17 శాతం, 1992లో 2.45 శాతం. అంతా ప్రకటన పుణ్యమేనా అన్నదానిపై వాదోపవాదాలు నడిచాయి. కొందరు వైద్యులు ప్రమాదకర స్థితిలోని రోగులను తాకడం మానేశారన్న ఆరోపణ కూడా వచ్చింది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయని లెక్కలు తీసి చూపిన మత్తువైద్యుడు స్టీఫెన్ బోల్సిన్ చివరికి ఆస్ట్రేలియాకు వెళ్లిపోయాడు. ఆయన లెక్క నిజమేనని విచారణ సంఘం 2001లో తేల్చింది.

ఆ ఆరోపణ చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు, మా పాత రిజిస్టరు గుర్తుకు వచ్చింది. 1990ల తొలినాళ్లలో నేనొక చిన్న ప్రభుత్వాసుపత్రికి బాధ్యుడిని. ఒక సంవత్సరాంత సమీక్షలో మా ఆసుపత్రిలో ప్రసూతి మరణాలు 'సున్నా' అని చదివి నన్ను లేపి చప్పట్లు కొట్టించారు. ఆ సున్నా ఎలా వచ్చిందో నాకు తెలుసు. కాన్పు తరువాత రక్తస్రావం ఆగని తల్లిని, నాడి అందని స్థితిలో, అర్ధరాత్రి జీపు ఎక్కించి బోధనాసుపత్రికి పంపేవాళ్లం. మా పుస్తకంలో 'పై ఆసుపత్రికి పంపడమైనది' అని ఒక వాక్యం. దారిలోనో, అక్కడి క్యాజువాలిటీ గుమ్మంలోనో ఆమె కన్ను మూసేది. చెడ్డ పేరు ఆ పెద్దాసుపత్రికి వచ్చేది. ఆనాటి సమావేశం ముగిశాక అక్కడి ప్రొఫెసరు ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమయ్యా, మీ సున్నాలన్నీ మా రిజిస్టరులో ఉన్నాయి, ఎప్పుడైనా వచ్చి చూసుకో" అన్నారు.

మరునాటి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. పై ఆసుపత్రికి పంపిన ప్రతి రోగి బంధువు చేతిలో మా చిరునామా రాసిన పోస్టుకార్డు పెట్టి, ఏమైందో రెండు ముక్కలు రాయమని బతిమాలేవాణ్ణి. చాలా కార్డులు తిరిగి రాలేదు. వచ్చినవాటిని మా కేసు షీట్లతో కలిపి చూస్తే తెలిసినదేమిటంటే, మేము పంపడం తప్పు కాదు, పంపిన వేళ తప్పు. ఉదయమే పంపవలసినవారిని రాత్రి దాకా ఆపుతున్నాం. రక్తం కోసం బంధువులను తిప్పుతూ గంటలు పోగొడుతున్నాం. మధ్యాహ్నం లోపే పంపే నియమం పెట్టుకున్నాం. రెండేళ్లకు నాకు బదిలీ అయింది. నా తరువాత ఆ పుస్తకం ఏమైందో తెలియదు.

నేడు పరిస్థితి కొంత మారింది. ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు ఉంది, ప్రభుత్వాసుపత్రులకు 2013 నుంచి జాతీయ నాణ్యతా ప్రమాణాలు, 2015 నుంచి పరిశుభ్రతకు కాయకల్ప పురస్కారాలు వచ్చాయి. ప్రసూతి మరణాలను సమీక్షిస్తున్నారు. ఇవి మంచివే, నిందించను. కానీ గుర్తింపు పత్రం చెప్పేది ఆసుపత్రి పద్ధతుల గురించి. చేరినవారికి చివరికి ఏమైందన్నది చదువుకునేందుకు రోగికి దొరకదు. అంతిమ ఘడియల్లో ఉన్నవారిని 'వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్లారు' అని సంతకం పెట్టించుకుని ఇంటికి పంపే అలవాటు ఉన్నంతకాలం, ఆసుపత్రిలో జరిగిన మరణాల లెక్క ఒక్కటే చూపినా ప్రయోజనం కొద్దిపాటే.

నిరుడు మా బావగారికి బైపాస్ చేయించవలసి వచ్చింది. శస్త్రవైద్యుడు నా కొడుకు వయసువాడు, నెమ్మదస్తుడు. "బాబూ, పోయిన ఏడాది ఇటువంటివి ఎన్ని చేశారు?" అని అడిగాను. సెల్‌ఫోన్‌లో చూసి వెంటనే సంఖ్య చెప్పాడు. "వారిలో నెల తరువాత ఎందరు బాగున్నారు?" అన్నాను. అతను కాసేపు ఆలోచించి, "డిశ్చార్జి వరకైతే చెప్పగలను సార్" అన్నాడు.