పడవని మోసిన గాడిద

రెండేళ్ల కిందట మేమొక పాత ఆర్‌వీ కొన్నాం. ఇరవై నాలుగడుగుల బండి. పొయ్యి ఉంది, రెండు మంచాలున్నాయి, స్నానానికి ఒక గూడులాంటి గది ఉంది. లేనిదల్లా చోటు. మేముండే యూటాలో వేసవి వస్తే ఏదో ఒక నీటి ఒడ్డున బండి ఆపుకోవడం అలవాటు. ఒడ్డున కూచుని ఎంతసేపని నీళ్లు చూస్తాం? పడవ కావాలనిపిస్తుంది. గట్టి ప్లాస్టిక్ కయాక్ పెట్టడానికి బండి మీద జాగా లేదు. నెత్తిన ఏసీ, వెనక సైకిళ్లు. కాబట్టి గాలి కొట్టుకునేదే కొనాలని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. ఏది కొనాలన్నదే తేలలేదు.

నిజానికి ఒకటి కొని దెబ్బతిన్నాం. పోయిన వేసవిలో చవగ్గా దొరికిందని, ఈతకొలనులో బొమ్మలాంటి పడవొకటి తెచ్చాను. పొద్దున హాయిగానే ఉంది. మధ్యాహ్నం రిజర్వాయర్ మీద గాలి లేచింది. నేనూ మా ఆవిడా ఎంత తెడ్డు వేసినా ముక్కు అటూ ఇటూ తిరగడమే తప్ప ఒడ్డు దగ్గరవలేదు. ఒక పక్క గాలి మెత్తబడుతున్న సంగతి ఆమే ముందు చూసింది. చివరికి మోటారు పడవ వాళ్లెవరో తాడు విసిరి లాక్కొచ్చారు. ఒడ్డు చేరాక ఆమె ఒకే మాట అంది: "ఇక నేను ఎక్కను."

ఈ ఏడు మా నాయిన వచ్చాడు. డెబ్భై ఎనిమిదేళ్లు. కృష్ణ ఒడ్డున, మక్తల్ వైపు పుట్టి పెరిగినవాడు. పడవ మాట చెవినబడగానే, "కొనేముందు నాకు సూపెట్టు" అన్నాడు. ఆయన అరవై ఏళ్లుగా ఏ పడవా ఎక్కలేదు. ఎందుకో మాకు తెలుసు. చిన్నప్పుడు కృష్ణ దాటుతుంటే పుట్టి ఒరిగి, ఆయన చిన్నాయన కళ్లముందే కొట్టుకుపోయాడు. ఆ రోజు గురించి ఇంట్లో ఎవరూ అడగరు.

ఏ వస్తువైనా కొనేముందు దాని చరిత్ర చదివే జబ్బు నాకుంది. ధరలు పోల్చి చూడాల్సిన రాత్రులు పాత పుస్తకాలు తిరగేశాను.

మడిచి బండిలో వేసుకెళ్లే పడవ కొత్త సంగతేం కాదు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో హెరొడొటస్ బాబిలోను గురించి రాస్తూ, అక్కడ తనకు అన్నిటికన్నా వింతగా తోచినది, ఆ నగరం తర్వాత, ఈ పడవలేనన్నాడు. ఎగువన ఆర్మేనియాలో చెట్టుకొమ్మలతో చట్రం కట్టి, పైన తోళ్లు కప్పి, డాలులా గుండ్రంగా చేసేవాళ్లు. సరుకు నింపి ఏటివాలున వదిలేవాళ్లు. ప్రతి పడవలోనూ ఒక గాడిద ఉండేది. బాబిలోను చేరి సరుకు అమ్మాక చట్రాన్నీ గడ్డినీ కూడా అమ్మేసి, తోళ్లు గాడిద వీపున వేసుకుని కాలినడకన ఇంటికి పోయేవాళ్లు. ఏటికి ఎదురెక్కడం ఆ పడవల వల్ల కాదు మరి. వెళ్లేటప్పుడు గాడిదని పడవ మోస్తుంది, వచ్చేటప్పుడు పడవని గాడిద మోస్తుంది. ఇది చదివినప్పట్నించీ మా ఆర్‌వీని గాడిద అనే పిలుస్తున్నాం.

గాలి నింపడం అంతకన్నా పాతది. క్రీ.పూ. 9వ శతాబ్దంలో అస్సీరియా రాజు రెండవ అషూర్‌నాసిర్‌పాల్ నిమ్రూద్‌లో కట్టించిన కోటలోని రాతిపలకలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో సైనికులు ఉబ్బిన తోలుతిత్తులని పొట్ట కింద పెట్టుకుని నది ఈదుతుంటారు. తిత్తి మూతి నోట్లోనే ఉంటుంది. ఈదుతూనే ఊదుకోవాలన్నమాట. గాలి దిగిపోతుందన్న బెంగ దాదాపు మూడు వేల ఏళ్ల నాటిది.

మన వైపు తోళ్లు గాలికి కాదు, బుట్టకి కప్పేవాళ్లు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, తుంగభద్రని ఆనెగొంది దగ్గర దాటే పుట్టి గురించి రాశాడు. లోపల వెదురు, బయట తోలు, పదిహేను ఇరవై మందిని మోస్తుంది, తెడ్డు వేస్తే తిన్నగా పోకుండా గిరగిరా తిరుగుతుంది. కన్నడంలో హరిగోలు, మనకి పుట్టి. మక్తల్ దగ్గర పంచదేవ్ పహాడ్ నుంచి కురువపురం క్షేత్రానికి కృష్ణ దాటే భక్తులు ఎక్కేదీ అలాంటిదే. తోలు పోయి తారూ ప్లాస్టిక్ పట్టాలూ వచ్చాయి. ఇది నాయినకి చదివి వినిపిస్తే, "తిరుగుతది. నడిపెటోడు ఎరికున్నోడైతె తిన్నగ పోతది" అన్నాడు. ఆ పైన ఏమీ అనలేదు.

రబ్బరు వచ్చాక కథ మారింది. 1823లో మాకింటోష్ రెండు బట్టల మధ్య రబ్బరు అద్ది నీరు చొరని గుడ్డ చేశాడు. 1840లలో పీటర్ హాల్కెట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి ఆ గుడ్డతో పైకోటు కుట్టించాడు. గాలి కొడితే ఆ కోటే పడవ. చేతికర్ర తెడ్డు, గొడుగు తెరచాప. వినడానికి సర్కస్‌లా ఉంటుంది కానీ ఆయన ఒక పని బుద్ధిగా చేశాడు: పడవని నాలుగు విడి గదులుగా విభజించాడు. ఒకటి పగిలినా మూడు నిలబడతాయి. నౌకాదళం వాళ్లు తెలివైనదేనని మెచ్చుకుని, మాకు పనికిరాదని తిప్పి పంపారు. పనికొచ్చింది ఆర్కిటిక్‌లో కాలినడకన తిరిగే జాన్ రే లాంటివాళ్లకి. 1846-47 యాత్రలో ఆయన దాని మీద వెళ్లి చేపల వలలు వేసుకున్నాడు. మోసుకుపోగలగడమే దాని బలం. ఓడ ఉన్నవాడికి దాని విలువ తెలియదు.

మా ఇంటికి దగ్గర కథ ఇంకొకటుంది. 1843 సెప్టెంబరులో జాన్ ఫ్రేమాంట్, కిట్ కార్సన్, మరో ముగ్గురు గ్రేట్ సాల్ట్ లేక్‌లోకి పద్దెనిమిదడుగుల రబ్బరు పడవ దింపారు. దాన్ని చేసినవాళ్లు హడావిడిలో అతుకులు కుట్టకుండా జిగురుతో అంటించి ఇచ్చారు. సరస్సు నడిమికి వెళ్లాక రెండు గొట్టాలు గాలి వదలడం మొదలెట్టాయి. ఒక మనిషి పని మానేసి తిత్తి ఊదుతూనే కూచోవాల్సొచ్చింది. కిందామీదా పడి ఒక ద్వీపం చేరారు. అక్కడ చెట్టూ నీరూ ఏమీ లేక ఫ్రేమాంట్ దానికి నిరాశ ద్వీపమని పేరు పెట్టాడు. తిరుగుదారిలో గాలి రేగితే ప్రాణాలకోసం తెడ్లు వేశారు. ఇప్పుడా ద్వీపం పేరు ఫ్రేమాంట్ ద్వీపం. ఆంటిలోప్ ద్వీపం క్యాంపులో మా బండి ఆపినప్పుడు ఉత్తరాన కనిపిస్తుంది. అప్పట్లో దాన్ని చూస్తూ టీ తాగానే కానీ, అది నాకొక హెచ్చరిక అని తోచలేదు.

20వ శతాబ్దం ఆ లోపాల్ని ఒక్కొక్కటే సరిదిద్దింది. విమానబెలూన్లు చేసే ఫ్రెంచి కంపెనీ జోడియాక్ 1934లో గాలి కయాక్ నమూనా తయారుచేసింది. 1952లో అలెన్ బొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు వాళ్ల రబ్బరు పడవలోనే ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు. 1956లో గుడ్‌ఇయర్ కంపెనీ గాలి కొట్టే విమానమొకటి చేసింది. రెండు గుడ్డల మధ్య వేల దారాలు కుట్టి, ఎంత గాలి ఎక్కించినా ఉబ్బకుండా పలకలా నిలిచే బట్ట అందులో వాడారు. ఇప్పుడు డ్రాప్ స్టిచ్ పేరుతో అమ్మే కయాక్ అడుగుభాగాలు ఆ జాతివే. ఇక హవాయి ఆవిడ ఆడ్రీ సదర్‌లాండ్, అరవైకి దగ్గరపడిన వయసులో, 1980లో చిన్న గాలి కయాక్ వేసుకుని అలాస్కా తీరం వెంట ఎనిమిదివందల మైళ్లకు పైగా ఒంటరిగా తిరిగింది. మా ఆవిడ కాస్త మెత్తబడింది ఈవిడ కథ విన్నాకే.

చదువు అయ్యాక ఒక సాయంత్రం మూడు కయాక్‌ల బొమ్మలు నాయిన ముందు పెట్టాను. ఆయన రంగు చూడలేదు, ధర అడగలేదు.

"ఒక దిక్కు చినిగితె ఇంకో దిక్కు నిలుస్తదా?"

"రెండు పక్కలా రెండు గొట్టాలు, అడుగు వేరే. మూడు గదులు నాయినా."

"గాలి కొడితె యాటికి పోతది?"

అడుగున రెక్కలాంటిది తగిలించుకోవచ్చని, అది ఉంటే ముక్కు తిన్నగా ఉంటుందని చూపించాను. అయినా గాలి పడవ నీటిపైన తేలిగ్గా కూచుంటుంది కాబట్టి పొద్దున్నే వెళ్లి, గాలి లేవకముందే తిరిగి రావాలని చెప్పాను.

"తడిసినంక యాడ ఆరబెడ్తవ్?"

ఇది నేను ఆలోచించనే లేదు. తోలుతిత్తయినా తారుగుడ్డయినా తడిగా మడిచిపెడితే కుళ్లుతుందని ఆయనకి తెలుసు. మూడింటిలో ఒకదానికి పైన మందపాటి నైలాన్ తొడుగుంది. చిరగదు గానీ ఆరడానికి పూటంతా పడుతుంది. దాన్ని అక్కడే పక్కన పెట్టేశాం. డ్రాప్ స్టిచ్ అడుగున్నది బాగా గట్టిది, అయితే మడిస్తే పెద్ద మూటవుతుంది, మా గాడిదకి బరువు. చివరికి మామూలు గొట్టాలతో, మందం పీవీసీతో, అతుకులు వేడితో కరిగించి కలిపినది మిగిలింది.

"ఎంతమందిని మోస్తది?"

"ఇద్దరని రాశాడు."

"మందిగాదు, బరువు సూడు. ఆనాడు పుట్టిల మందినే లెక్కవెట్టిన్రు. జొన్నల సంచులు లెక్కవెట్టలే."

అరవై ఏళ్లలో ఆ రోజు గురించి ఆయన నోట నేను విన్నది ఇంతే. బరువు చూశాను. మా ఇద్దరికీ, సామానుకీ పోను ఇంకా మిగులుంది.

కిందటి నెల ఒక తెల్లవారుజామున, అద్దంలా ఉన్న నీళ్ల మీదికి దాన్ని దింపాం. లైఫ్ జాకెట్ బకిల్ ఆయనే రెండుసార్లు లాగి చూసుకున్నాడు. ముందు ఆయన, వెనక నేను. ఒడ్డుకి యాభై గజాలు దాటలేదు. కాసేపు చూసి నా తెడ్డు తీసుకున్నాడు. చేతులు మర్చిపోలేదు. పుట్టి నడిపినట్టు ముందునుంచి నీళ్లని తన వైపు లాక్కున్నాడు. కయాక్ మెల్లగా గుండ్రంగా తిరిగింది. రెండోసారీ తిరిగింది. ఒడ్డు మీద మా ఆవిడ భయంతో నిలబడిపోయింది. నాయిన వెనక్కి చూసి, "బిడ్డా, ఈ రెక్క పీకెయ్. దీనికి తిరుగుడు రాదు" అన్నాడు.

పీకలేదు. కానీ ఆయన తిప్పినంతసేపు తిరగనిచ్చాను. ఒడ్డుకొచ్చాక ఎండలో పరిచి, తిరగేసి, అతుకుల్లో తడి కూడా గుడ్డతో తుడిచి మడిచాడు. గాడిద వీపున వేసుకుని ఇంటికొచ్చాం. వచ్చేవారం మా ఆవిడ ఎక్కుతానంది. ముందు సీట్లో మాత్రం మామే ఉండాలట.