తలల లెక్క: వేసవి శిబిరాల చరిత్ర నుంచి మన శిబిరానికి

స్వర్ణోత్సవాలకు గుర్తుగా వచ్చే మే నెలలో మన బడి పిల్లలకు వారం రోజుల వేసవి శిబిరం పెట్టాలని పూర్వ విద్యార్థుల సంఘం తీర్మానించిన సంగతి మీకు తెలిసిందే. ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా 60 మంది పిల్లలు వస్తారు. భోజనాలు ఒకరు, ఆటలు ఒకరు, చందాలు ఒకరు పంచుకున్నారు. "నువ్వు ఇంజనీరువి కదా, భద్రత సంగతి నువ్వు చూడు" అని నాకు అప్పజెప్పారు. జాగ్రత్తలన్నీ ఒక పేజీలో రాసి ఇచ్చేద్దామనుకున్నాను. రాయబోతే ఒక్కో జాగ్రత్త వెనక ఒక్కో కథ కనిపించింది. వాటిలో కొన్ని ఇంటికి తిరిగి రాని పిల్లల కథలు. ఆ పేజీ కాస్తా ఇలా వ్యాసమయింది.

1983, మామిడితోట

ముందు మన కథ చెప్తాను. 1983 మే నెలలో మా బ్యాచ్ వాళ్ళం 32 మందిమి స్కౌటు శిబిరానికి వెళ్ళాం. కాలువ గట్టు పక్కన మామిడితోట. గుడారాలు రెండే ఉండేవి, మిగతావాళ్ళకు తాటాకు పందిళ్ళు. మా స్కౌటు మాస్టారి పేరు ఇక్కడ చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో చదివినవాళ్ళకు ఎక్కడ ఈల వినిపించినా ఆయనే గుర్తొస్తారు.

వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. అక్కడక్కడ మడుగుల్లో నడుము లోతు నీళ్ళు నిలుస్తాయి. మా స్నానాలు అలాంటి మడుగులోనే. నీళ్ళలోకి దిగేముందు మాస్టారు మమ్మల్ని ఇద్దరిద్దరిని జోడీ కట్టేవారు. ఈల ఊదగానే ఎక్కడున్నవాళ్ళం అక్కడే ఆగి, జోడీ చెయ్యి పట్టుకొని పైకెత్తాలి. ఆయన ఒకటి నుంచి పదహారు దాకా లెక్కపెట్టేవారు. అయిదు నిమిషాలకోసారి ఇదే తంతు. మాకు మహా విసుగ్గా ఉండేది.

నాలుగో రోజు లెక్క పదిహేను దగ్గర ఆగింది. మావాడొకడు ఒంటరిగా నిలబడి "నా జోడీ కనబడటం లేదండీ" అన్నాడు. మాస్టారు అందరినీ ఒడ్డుకు ఎక్కించారు. ఆయనా, వంటాయనా, పక్క పొలంలో పనిచేస్తున్న నలుగురూ చేయీ చేయీ పట్టుకొని మడుగు ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు తడుముకుంటూ నడిచారు. సగం దూరం వెళ్ళేసరికి ఆ మహానుభావుడు చొక్కా నిండా పచ్చి మామిడికాయలతో గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు. వాడికి ఇక బడితెపూజే అనుకున్నాం. మాస్టారు కొట్టలేదు. గట్టు మీద కూలబడిపోయారు. ఈల పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. కాసేపటికి లేచి, "లెక్క సరిపోయింది, భోజనాలకు పదండి" అన్నారు.

ఇంకో సంగతి. రోజూ సాయంత్రం ఆయన సైకిలు మీద లాకుల దగ్గరికి వెళ్ళి, కాలువ లస్కరును అడిగి వచ్చేవారు: "రేపు మంచినీళ్ళ చెరువులకు నీళ్ళు వదులుతున్నారా?" ఒకనాడు లస్కరు అవునన్నాడట. మర్నాడు కాలువ స్నానం రద్దయింది, బావి దగ్గర చెంబుస్నానాలే. అందరం గొణుక్కున్నాం. పది గంటలయ్యేసరికి ముందురోజు మేం ఆడుకున్న మడుగు ఆనవాలు లేదు. కాలువ నిండా ఎర్రనీళ్ళు పరుగెడుతున్నాయి.

శిబిరాలు ఎలా మొదలయ్యాయి

బడి పిల్లల్ని తీసుకెళ్ళి ఆరుబయట ఉంచడమన్నది పెద్ద పాత ఆలోచనేం కాదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు 1861లో భార్య ఆబిగెయిల్‌తో కలిసి తన విద్యార్థుల్ని సముద్రతీరానికి నడిపించుకెళ్ళి గుడారాల్లో ఉంచాడు. అక్కడ దాన్నే తొలి వేసవి శిబిరంగా చెప్పుకుంటారు.

మనకు తెలిసిన స్కౌటు శిబిరానికి మూలం 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణ తీరాన బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో జరిగిన శిబిరం. సైన్యంలో పేరు తెచ్చుకున్న రాబర్ట్ బేడెన్-పవెల్ సుమారు ఇరవై మంది పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాడు. కొందరు గొప్పింటి బడుల పిల్లలు, కొందరు ఆ చుట్టుపక్కల ఊళ్ళ మామూలు ఇళ్ళ పిల్లలు. వాళ్ళను నాలుగు దళాలు చేసి, ఒక్కో దళానికి ఒక పెద్ద కుర్రాణ్ణి నాయకుడిగా పెట్టాడు. కూడూ అనే ఆఫ్రికా జింక కొమ్ముబూర ఊది పిల్లల్ని లేపేవాడు. ఆటపాటలతో పాటు నీటిలో మునిగినవాణ్ణి, మంటల్లో చిక్కినవాణ్ణి ఎలా కాపాడాలో నేర్పడానికి ఒక రోజు కేటాయించాడు. చిన్న దళాలుగా విడదీయడం క్రమశిక్షణ కోసమే అనుకుంటాం. భద్రతకూ అదే పునాది. ఇరవై మందిని ఒక్క పెద్దాయన గమనిస్తూ ఉండలేడు. అయిదుగురిని ఒక పెద్ద పిల్లవాడు గమనించగలడు.

1909లో స్కౌటింగ్ మన దేశానికి వచ్చినప్పుడు అది యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మన పిల్లలకు చోటు లేదు. మద్రాసులో అనీబిసెంట్, అరండేల్, అలహాబాదులో మదన్ మోహన్ మాలవ్య, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ వేరువేరుగా భారతీయ దళాలు స్థాపించారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న, విడివిడిగా ఉన్న సంస్థలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మా మాస్టారి మెడలో ఈల వెనక ఇంత చరిత్ర ఉంది.

నీళ్ళు నేర్పిన పాఠాలు

బ్రౌన్‌సీ జరిగిన అయిదేళ్ళకే, 1912 ఆగస్టు 4న, పెద్ద దెబ్బ తగిలింది. లండన్‌లోని వాల్వర్త్ ప్రాంతపు స్కౌట్లు వేసవి శిబిరం కోసం థేమ్స్ నది మీదుగా పడవలో బయలుదేరారు. షెప్పీ దీవిలో లేస్‌డౌన్ అనే ఊరు వాళ్ళ గమ్యం. ఊరు దగ్గర పడ్డాక హఠాత్తుగా ఈదురుగాలి లేచి పడవ బోల్తా పడింది. తొమ్మిది మంది పిల్లలు పోయారు. వాళ్ళ భౌతికకాయాలను లండన్‌కు చేర్చడానికి బ్రిటన్ నౌకాదళం యుద్ధనౌకను పంపింది. ఇక్కడ నాకు తట్టిన పాఠం ఒకటే. శిబిరం గుడారం దగ్గర మొదలు కాదు, ఇల్లు కదిలిన నిమిషం నుంచే మొదలవుతుంది. మనం పిల్లల్ని ఎక్కించబోయే బస్సు, దాని డ్రైవరు కూడా శిబిరంలో భాగమే.

మా మాస్టారి జోడీ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అమెరికా స్కౌటు శిబిరాల్లో ఈత భద్రతకు ఎనిమిది సూత్రాలున్నాయి. తర్ఫీదు పొందిన పెద్దల పర్యవేక్షణ, పిల్లల ఆరోగ్య వివరాలు ముందే తెలుసుకోవడం, సురక్షితమైన చోటు, కాపాడేవాళ్ళు, గట్టు మీద కాపలా, ఈత వచ్చినవాళ్ళను రానివాళ్ళను వేరు చేయడం, జోడీలు, క్రమశిక్షణ. ఈల ఊదితే జోడీ చేతులెత్తడం అందులోదే. ఆ ఎనిమిదిలో మాస్టారు అయిదారు పాటించారు, ఒక ఈల, ఒక సైకిలుతో.

1993 మార్చి 22న ఇంగ్లండులోని లైమ్ బే అనే అఖాతంలో జరిగింది మరీ బాధాకరం. ఒక బడి నుంచి ఎనిమిది మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు సాహస క్రీడల కేంద్రానికి వెళ్ళారు. ఇద్దరు శిక్షకులతో చిన్న పడవల్లో సముద్రం మీదికి బయలుదేరారు. ఉపాధ్యాయుడి పడవ మాటిమాటికీ తిరగబడుతుంటే ఒక శిక్షకుడు ఆయన దగ్గర ఆగిపోయాడు. పిల్లల్ని గాలి లోపలికి లాక్కుపోయింది. మధ్యాహ్నానికి ఒడ్డు చేరాల్సినవాళ్ళు చేరకపోయినా తీరరక్షక దళానికి కబురు వెళ్ళడానికి గంటలు పట్టింది. నలుగురు పిల్లలు చనిపోయారు. అక్కడ భద్రత సరిగా లేదని అంతకుముందు ఏడాదే ఇద్దరు శిక్షకులు ఉత్తరం రాసి ఉద్యోగం మానేశారని తర్వాత బయటపడింది. కేంద్రం నడిపిన కంపెనీకీ, దాని అధిపతికీ శిక్ష పడింది. 1995లో బ్రిటన్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఇలాంటి కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. లెక్కపెట్టడమంటే తలలే కాదు, గంటలు కూడా. రావలసిన వేళకు రాకపోతే ఎవరు, ఎన్ని నిమిషాలకు, ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి ఉండాలి.

గేటుకు ఇవతలి వైపు

2014 జూన్ 8 మనలో ఎవరమూ మరిచిపోలేని రోజు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో మండీ దగ్గర బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్ళతో ఉన్న యాత్రా సహాయకుడు కొట్టుకుపోయారు. తల్లిదండ్రులు రోజుల తరబడి ఆ ఒడ్డున ఎదురుచూశారు.

టీవీలో చూసినవాళ్ళు "వాళ్ళు నీళ్ళలోకి ఎందుకు దిగారు?" అని అడిగారు. నాకు వేరే ప్రశ్న తట్టింది. కొండ నదుల మీద కట్టే ఇలాంటి కేంద్రాల్లో నీటి నిల్వ తక్కువ. కరెంటు ఉత్పత్తి తగ్గిస్తే టర్బైన్లలోకి వెళ్ళాల్సిన నీళ్ళు గేట్ల నుంచి కిందికి వదలాల్సిందే. వాన ఉండదు, మబ్బు ఉండదు, కింద రాళ్ళ మీద నిలబడ్డవాళ్ళకు ఏ సూచనా కనిపించదు. ఎగువన ఉన్న మనిషి చెప్తేనే తెలుస్తుంది.

ఆ ఎగువ మనిషిగా నేనూ ఒకసారి ఉన్నాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక జలాశయం దగ్గర రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున రెండు గేట్లు ఎత్తమని కబురొచ్చింది. సైరన్ చెడిపోయి వారమయింది. కింది ఊరికి మనిషిని పంపి చెప్పించాలి, దానికి గంట పడుతుంది. 'ఈ వేళప్పుడు ఏట్లో ఎవరుంటార్లే' అనుకొని ఎత్తించాను. ఉన్నారు. వలలు తీయడానికి ఒక తండ్రి, పదేళ్ళ కొడుకు ఏటి మధ్య రాతి మీద ఉన్నారు. చెట్టుకొమ్మ దొరికి బతికారు. మర్నాడు ఆ తండ్రి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "ఒక్క కేక వేయించాల్సింది బాబూ" అన్నాడు, అంతే. ఆ రోజు గుర్తొచ్చింది లాకుల దగ్గరికి రోజూ సైకిలు తొక్కిన మాస్టారు. ఎగువ మనిషి చెప్పడం మరిచిపోతాడని ఆయనకు తెలుసు. అందుకే తానే వెళ్ళి అడిగేవారు.

మన శిబిరానికి

మిత్రులు చాలామంది శిబిరం మళ్ళీ ఆ మామిడితోటలోనే పెడదామంటున్నారు. నాకూ ముచ్చటే. అయినా మొన్న వెళ్ళి చూసి వచ్చాక వద్దంటున్నాను. కాలువకు ఇప్పుడు సిమెంటు లైనింగు వేశారు. మనప్పుడు గడ్డి పట్టుకొని ఎక్కే మట్టిగట్టు. ఇప్పుడు పాచి పట్టిన నున్నటి వాలు, పెద్దవాడు పడినా పైకి రాలేడు. నీటి వడి కూడా ఎక్కువ. మన జ్ఞాపకం కోసం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళడం సరికాదు. బడి ఆవరణలోనే పెడదాం. తోట చూపించాలంటే ఒక పూట తీసుకెళ్ళి, కాలువ వైపు పోకుండా తీసుకొద్దాం.

నీళ్ళ తర్వాత భయం ఎండ. పది నుంచి నాలుగు దాకా పిల్లలు నీడపట్టునే ఉండాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతున్న పిల్లవాణ్ణి 'కాసేపు పడుకోబెడదాం' అనుకోకూడదు. తడిపి, విసురుతూ, వెంటనే 108కి ఫోన్ చేయాలి. రాత్రిళ్ళు నేల మీద పడకలు వద్దు. కట్లపాము రాత్రే తిరుగుతుంది. దాని కాటుకు నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, తెల్లవారి 'కడుపునొప్పి' అని పిల్లవాడు లేస్తాడు. మంచాలు, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలు కావాలి. పాము విషానికి మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే వెళ్ళి కనుక్కొని రావాలి.

ఇంకొకటి మనం మొహమాటపడి మాట్లాడనిది. ఏ పెద్దవాళ్ళూ, అది నేనైనా సరే, పిల్లలతో ఒంటరిగా నాలుగు గోడల మధ్య ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. ఆడపిల్లలకు ఉపాధ్యాయినులు తోడుండాలి. 2012 నాటి పోక్సో చట్టం పిల్లలకు రక్షణ ఇచ్చింది. ఈ నియమం ఆ చట్టం దాకా పోనవసరం లేకుండా చేస్తుంది. నియమం అందరికీ ఒకటైతే ఎవరినీ అనుమానించినట్టు కాదు.

మనలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, పోలీసు ఉద్యోగులున్నారు. వారంలో ఒక్కో రోజు మీ పేరు రాయించండి. తల్లిదండ్రులు ఒక్కో పిల్లవాడికీ ఉబ్బసం, ఫిట్స్, పడని మందులు, తిండి వివరాలు రాసిచ్చే కాగితం ఒకటి తయారుచేశాను. అది చూసి లోటుపాట్లు చెప్పండి.

అరవై మంది పిల్లలు, ముప్పై జోడీలు. లేచినప్పుడు, అన్నాల దగ్గర, బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పడుకునేముందు లెక్క. పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, మేమూ విసుక్కున్నాం. ఆ 32 మందిలో ఒకడు మొన్న మనవరాలిని ఎత్తుకొని సంఘం సమావేశానికి వచ్చాడు. చొక్కా నిండా మామిడికాయలతో గట్టెక్కినవాడే. మాస్టారి కోసం ఒక ఈల కొని నాకిచ్చాడు. ఆయన లేరు కాబట్టి అది శిబిరంలో నా మెడలో ఉంటుంది.