ఒకే పెట్టెలో రెండు కాపురాలు



పోయిన ఆదివారం కమిటీ వాళ్లు మా ఇంటికి వచ్చినప్పుడు కంప్యూటర్ వేయగానే నల్ల తెర మీద రెండు పేర్లు కనిపించాయి. ఒకటి ఉబుంటు, ఇంకొకటి విండోస్. "ఇదేమన్నా చెడిపోయిందా?" అని ఒకరు, "రెండు ఎందుకు, ఒకటి తీసేయండి" అని ఇంకొకరు అన్నారు. కాఫీ అయిపోయేలోపు చెప్పే సంగతి కాదు కనుక ఇక్కడ రాస్తున్నాం. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకోండి.

మన సంఘం పాత సావనీర్, కుటుంబాల రిజిస్టర్ మీకు గుర్తుండే ఉంటాయి. ఎవరి ఇంటిపేరు ఏమిటి, ఏ ఊరినుంచి దక్షిణానికి వచ్చారు, గోత్రం ఏమిటి అని పెద్దవాళ్లను అడిగి రాసినవి. చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అవి డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో, ఆ కాలం తెలుగు ఫాంటులో టైపు చేయించినవి. ఆ ఫాంటు తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరం సీటులో కూర్చోబెడుతుంది. ఫాంటు లేకుండా తెరిస్తే ఒక్క ఇంటిపేరూ కనిపించదు, పిచ్చి ఇంగ్లీషు కనిపిస్తుంది. మా దగ్గరున్న ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. ఇప్పుడు మనం రాసే తెలుగు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు సొంత సీట్లు ఇచ్చారు. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ వత్తులు వచ్చిన చోట తడబడతాయి. ఇంటిపేర్లలో వత్తులు లేనివి ఎన్ని? అందుకని పాతది విండోస్‌లో తెరిచి ప్రింట్ తీసి, దాన్ని చూస్తూ లైనక్సులో మళ్లీ టైపు చేస్తున్నాం. రెండూ ఉండి తీరాలి.

ఇదేమీ కొత్త వింత కాదు. 1981లో ఐబీఎం వాళ్లు మొదటి పీసీ అమ్మినప్పుడే దానికి మూడు సిస్టమ్‌లు ప్రకటించారు: పీసీ డాస్, సీపీఎం-86, యూసీఎస్‌డీ పీ-సిస్టమ్. డాస్ నలభై డాలర్లు, సీపీఎం రెండు వందల నలభై. ఏది గెలిచిందో వేరే చెప్పాలా! 1983లో పది మెగాబైట్ల హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చింది. అప్పుడు డిస్కును నాలుగు భాగాలు చేసుకునే వీలు పెట్టారు, ఒక్కో భాగంలో ఒక్కో సిస్టమ్ ఉండొచ్చని. ఆ లెక్కంతా డిస్కు మొదటి సెక్టారులో ఉంటుంది. సెక్టారు మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు మెషీను లేవగానే నడిచే చిన్న ప్రోగ్రాముకు, 64 బైట్లు నాలుగు భాగాల పట్టికకు, చివరి రెండు బైట్లు గుర్తుకు. ఇంత చిన్న కాగితం మీద ముప్పై ఏళ్లు ప్రపంచమంతా బండి నడిపింది. మా ఆఫీసు ఫారాలు గుర్తొస్తాయి మాకు, గళ్లు తక్కువ, పని ఎక్కువ.

లైనక్సు పుట్టిందే రెండు కాపురాల ఇంట్లో. 1991లో హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రవాడు తన పీసీలో మినిక్స్ అనే సిస్టమ్ పెట్టుకుని, దాని పక్కనే తన సొంతది రాస్తూ వచ్చాడు. ఒకరోజు మోడెముకు పంపాల్సిన డయలింగ్ ఆదేశాన్ని పొరపాటున హార్డ్ డిస్కుకు పంపాడు. మినిక్స్ భాగం పాడైపోయింది. మళ్లీ మినిక్స్ వేయడం ఎందుకని పూర్తిగా తనదానికే మారిపోయాడు. ఆ వేలు సరిగా పడి ఉంటే ఏమయ్యేదో!

ఏ సిస్టమ్‌ను లేపాలో అడిగే ప్రోగ్రామును బూట్ లోడర్ అంటారు. మన భాషలో పాయింట్స్‌మన్ అనుకోండి. బండి ఏ లైనులోకి పోవాలో లీవరు లాగేది అతనే. లైనక్సుకు మొదట్లో లిలో అనేది ఉండేది. అది ఫైలు డిస్కులో ఏ చోట ఉందో మాత్రమే గుర్తు పెట్టుకునేది. ఫైలు మారితే దానికి మళ్లీ చెప్పాలి, లేకపోతే బండి స్టేషన్లోనే నిలిచిపోతుంది. 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ తనే ఫైళ్లను వెతికి చదువుకోగలదు. మా ఇంట్లో ఉన్నది దాని తర్వాతి తరం.

ఈ లీవరు ఎవరి చేతిలో ఉండాలన్నదాని మీద కోర్టు దాకా పోయినవాళ్లున్నారు. బీఓఎస్ అని ఒక మంచి సిస్టమ్ ఉండేది. జపానులో హిటాచీ వాళ్లు విండోస్‌తో పాటు దాన్నీ పెట్టి కంప్యూటర్లు అమ్మారు, కానీ వేయగానే విండోస్ ఒక్కటే లేచేది. రెండోది లోపల ఉన్నా కొన్నవాడికి కనిపించదు. మైక్రోసాఫ్ట్ లైసెన్సు షరతులే కారణమని బీ సంస్థ 2002లో కేసు వేసింది. 2003లో మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకోకుండానే 2.325 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. అప్పటికే బీ సంస్థ మూతపడింది.

మన తమిళనాట మాత్రం 2011లో సర్కారే ఈ పని చేసింది. ప్లస్ టూ, కాలేజీ పిల్లలకు ఇచ్చిన ఉచిత లాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు బాస్ లైనక్సు కూడా ఉండేది. బాస్ అంటే చెన్నై సీ-డాక్ వాళ్లు తయారు చేసినది, అందులో తెలుగు కూడా ఉంది. మనవాళ్ల ఇళ్లలోకీ ఆ లాప్‌టాప్‌లు వచ్చాయి. ఎంతమంది బాస్ వైపు వెళ్లి చూశారు? మా అక్క మనవరాలికి వచ్చినదాంట్లో రెండేళ్లు ఆ పేరు కనిపిస్తూనే ఉన్నా ఎవరూ నొక్కలేదు. చెప్పేవాళ్లు లేరు. పిల్లలకు రెండు ఇచ్చారు, నేర్పింది ఒకటి. మేము మొదట లైనక్సు చూసింది ఆ లాప్‌టాప్‌లోనే.

ఇక మా ఇంటి కథ. కొన్నేళ్ల క్రితం విండోస్ నత్తనడక నడుస్తోందని దగ్గరలోని ఒక షాపులో ఇచ్చాం. అతను విండోస్ కొత్తగా వేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి వేస్తే లైనక్సు పేరే లేదు! అప్పటిదాకా మళ్లీ టైపు చేసిన రిజిస్టరంతా అటువైపే ఉంది, కాపీ లేదు. రెండు రాత్రులు నిద్ర లేదు. ఇంట్లోవాళ్లు "నోటుపుస్తకంలో రాసుంటే పోయేదా?" అన్నారు. నిజమే కదా అనిపించింది. మూడో రోజు అక్క మనవడు వచ్చి ఉబుంటు ఉన్న పెన్ డ్రైవ్ పెట్టి చూశాడు. పట్టాలన్నీ భద్రంగా ఉన్నాయి, పాయింట్స్‌మన్‌ను మాత్రం ఇంటికి పంపేశారు! విండోస్ వేసుకునేటప్పుడు ఆ మొదటి సెక్టారులో తన ప్రోగ్రామే రాసుకుంటుంది, పక్కవాడిని అడగదు. గ్రబ్‌ను మళ్లీ ఎక్కించగానే మొత్తం తిరిగొచ్చింది. అందుకే ముందు విండోస్, తర్వాత లైనక్సు వేయాలి. దానికన్నా ముందు, ఉన్నదంతా వేరే డిస్కులోకి కాపీ తీసుకోవాలి. ఇది మేము ఏడ్చి నేర్చుకున్నది.

గడియారం గొడవ ఒకటుంది. విండోస్ మెషీను గడియారంలో మన టైమే పెడుతుంది. లైనక్సు గ్రీన్‌విచ్ టైము పెడుతుంది. లైనక్సులో పని చేసి విండోస్‌లోకి పోతే ఉదయం పది గంటలు నాలుగున్నర అయి కూర్చునేది. సరిగ్గా అయిదున్నర గంటలు లేటు. రైల్వేలో ఇంత లేటుకు ఎంత రాతకోత ఉండేదో! లైనక్సుకు ఒక్క ఆదేశం ఇస్తే అదీ సరిపోయింది.

మాది పాత మెషీను. కొత్తవాటిలో ఆ 512 బైట్ల పట్టిక పోయింది, రెండు టెరాబైట్లకు మించిన డిస్కును అది మోయలేదు. ఇప్పుడు యూఈఎఫ్ఐ పద్ధతి. దాంట్లో బూట్ లోడర్లకు వేరే చిన్న భాగమే ఉంటుంది, ఒకరినొకరు తుడిచేయడం తగ్గింది. విండోస్ 8తో సెక్యూర్ బూట్ వచ్చినప్పుడు, సంతకం లేని లైనక్సును మెషీను రానివ్వదని 2012లో పెద్ద గొడవ జరిగింది. ఉబుంటు వంటివి సంతకం తెచ్చుకుని ఆ గేటు దాటాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. పాత మెషీన్లు పడేయాలా అని అడుగుతున్నారు. మేము విండోస్ వైపు ఇంటర్నెట్ తీసేశాం, రిజిస్టర్ తెరవడానికి మాత్రమే అటు వెళ్తాం. మిగతా పనంతా లైనక్సులోనే, ఈ పోస్టు కూడా.

రిజిస్టర్లో ఇంకా సగం మిగిలింది. మీ ఇళ్లలో పాత సావనీర్ సీడీలు, పెళ్లిపత్రికల ఫైళ్లు, తాతలు రాయించిన వంశవృక్షాలు ఉంటే "తెరుచుకోవడం లేదు" అని పారేయకండి. ఆదివారం సాయంత్రం మా ఇంటికి తెండి. విండోస్ వైపు ఇంకా నడుస్తూనే ఉంది.